రెండో రోకలి

నిమ్‌పురా
7 జూన్ 2020

తమ్ముడూ,

నువ్వు చివరిసారి ఫోను చేసినప్పుడు చెప్పిన అడ్రసులో నాన్న గోడ క్యాలెండరు మీద అంకెలు మాత్రం రాసుకున్నాడు. మిగతాది నన్ను గుర్తుపెట్టుకోమన్నాడు. కొండల పైకి వెళ్ళాక సిగ్నల్ ఉండదని, ఉత్తరాలే రాయమని అన్నావు కదా. మనింట్లో ఉత్తరం రాసే పని నాకు తప్ప ఎవరికి పడుతుంది? మన వంశంలో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేను, రెండోవాడివి నువ్వు. నాన్నకి సంతకం, బండి నంబర్లు వచ్చు. అమ్మకి అవీ రావు.

మేమంతా క్షేమం. మొన్నటి తుఫానుకి క్వార్టర్ వెనక వేపకొమ్మ విరిగి వంటింటి రేకు మీద పడింది. నాన్నే ఎక్కి సరిచేశాడు. కరోనా వల్ల రైల్వే వర్క్‌షాపులో సగం మందినే రమ్మంటున్నారు. డ్యూటీ లేని రోజు ఆయనకి తోచదు. నా ట్యూషను పిల్లలు ఫోనులోనే పాఠం వింటున్నారు, అంటే వినడం లేదు. ఈ ఏడు మాతా పూజ కూడా లేదు. ఘటాలు ఎత్తలేదు, డప్పు మోగలేదు. వేసవి ఇంత నిశ్శబ్దంగా నడవడం నేనెన్నడూ చూడలేదు.

ఒక్క మనింట్లో తప్ప. అది చెబుదామనే ఇంత పెద్ద కాగితం తీశాను.

పక్క లైనులో ఉండే నీలవేణి పిన్ని నీకు గుర్తుంది కదా, ఏటేటా మాతా పూజకి అమ్మతో కలిసి పసుపు దంచేది. బాబాయి రిటైరయ్యాడు, క్వార్టర్ ఖాళీ చేసి బొబ్బిలి వెళ్ళిపోయారు. అమ్మ ఒక్కతే రోలు దగ్గర కూర్చోవడం నువ్వు చూడలేదు. ఇద్దరు దంచినప్పుడు ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది పడుతుంది. పాట కూడా అంతే, ఒకరు అడిగితే ఒకరు చెప్పాలి. నీలవేణి పిన్ని లేకపోయినా అమ్మ తన దెబ్బ వేసి, పిన్ని దెబ్బకి పట్టేంత సేపు రోకలి ఎత్తి పట్టుకుని, మళ్ళీ తన దెబ్బ వేస్తుంది. "ఆ మద్దెన ఎందుకాగుతావు?" అని నాన్న అడిగితే, "ఆగకపోతే నీలవేణి సేతిమీద పడిపోద్ది" అంది.

దాన్ని నేను ఫోనులో తీసి టిక్‌టాక్‌లో పెట్టాను. నీలవేణి పిన్నికి ఎవరైనా చూపిస్తారేమోనని పెట్టాను, అంతకు మించి ఆలోచన లేదు. పాట అమ్మదే. బాణీ అమ్మమ్మది, మాటలు నువ్వు మిలిటరీకి వెళ్ళిన రోజు నుంచి అమ్మ కట్టుకున్నవి:

"ఏ బండి ఎక్కినాడే నా సిన్ని తండ్రి,
ఏ ఊర దిగినాడే నా సిన్ని తండ్రి."

మన దగ్గర ఏ బండి ఏ లైన్లో ఎన్నింటికి వస్తుందో కుక్కకి కూడా తెలుసు. కానీ మిలిటరీ స్పెషల్‌కి పేరుండదు, టైంటేబుల్లో వరస ఉండదు. నువ్వెక్కిన బండి పేరు నాన్నకి కూడా తెలియలేదని అమ్మకి చాలా బాధ.

ఇప్పుడు విను. ఆ యాప్‌లో డ్యూయెట్ అని ఒకటి ఉంది. తెర రెండు సగాలవుతుంది. ఎడమవైపు అమ్మ. కుడివైపు ఎవరైనా తమది చేర్చుకోవచ్చు. మొదట ఎవరో నెల్లూరావిడ రోటిలో మిరపకాయలు దంచుతూ అమ్మ ఆగిన చోట సరిగ్గా తన రోకలి వేసింది. "మద్రాస్ మెయిలెక్కినాడే" అని జవాబు పాడింది. ఆ తర్వాత గుజరాత్ నుంచి తాపీ పనివాళ్ళు, అస్సాం నుంచి ఒక ముసలమ్మ. నడిచి ఇంటికి చేరుకున్న కూలీ కుర్రాడొకడు రోలు లేక నేలమీద చెప్పు కొట్టి, "బండే లేదమ్మా" అని హిందీలో పాడాడు. నెల్లూరావిడ తప్ప వాళ్ళెవరికీ తెలుగు రాదు, పాట అర్థం మాత్రం నేను వీడియో కింద హిందీలో పెట్టాను. కానీ అమ్మ ఆగే చోటు అందరికీ తెలిసిపోయింది. అది ఎలాగో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. డిగ్రీ చదివినా నాకు రాని భాష ఏదో అమ్మకి వచ్చు అనిపిస్తుంది.

రోజూ వంటయ్యాక, "ఒలే ఇందూ, ఈయాల ఎవులొచ్చినారో సూపించు" అంటుంది. చుట్టాలొచ్చినట్టు చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంటుంది.

జాగ్రత్త. చలికి చెవులు కప్పుకో.

నీ అక్క
ఇందు


(ఊరి పేరు రాయకూడదు)
26 జూన్ 2020

అక్కకి, అమ్మకి, నాన్నకి,

నేను బాగున్నాను. ముందు అది అమ్మకి చదివి వినిపించి, తర్వాత మిగతాది చదువు. టీవీలో ఏం చూశారో నేను ఊహించగలను. నేను బాగున్నాను.

ఇక్కడ కొండలు ఎలా ఉంటాయో రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. మన ఊళ్ళో ఎత్తయినది ఓవర్‌బ్రిడ్జి. అది ఎక్కితే యార్డంతా కనపడుతుంది కదా. ఇక్కడ ఎంత ఎక్కినా ఇంకా పైనే ఉంటుంది. ఒక చెట్టు లేదు. పొద్దుట ఎండ పడితే రాయి ఇత్తడిలా వెలుగుతుంది, కాసేపటికి బూడిదైపోతుంది. మాట్లాడితే ఆయాసం వస్తుంది కాబట్టి అందరం తక్కువ మాట్లాడుకుంటాం. మొదటి రోజు నేను నోరు తెరుచుకుని నిలబడిపోతే హవల్దార్ సాబ్ నా హెల్మెట్ మీద తట్టి, "మూసుకో, చలి లోపలికి పోతుంది" అన్నాడు.

నీ ఉత్తరం అందింది. అక్కా, నాకు కోపం వచ్చింది, దాచుకోను. అమ్మ టిక్‌టాక్‌లో గెంతడమేమిటి? ఆ యాప్‌లో ఎలాంటివి వస్తాయో నాకు తెలుసు. యూనిట్లో కుర్రాళ్ళు చూసి ఏం మాట్లాడతారో కూడా తెలుసు. రేపు ఎవడైనా, "ఒరే, ఇది మీ అమ్మ కదరా" అంటే నేను ఎక్కడ తల పెట్టుకోవాలి? పైగా అది ఎవరి యాప్? మేము ఎవరికెదురుగా నిలబడ్డాం? వెంటనే ఆపించు. నువ్వు చదువుకున్నదానివి, నీకే తెలియాలి.

నాన్నకి చెప్పు, ఇక్కడి లారీల ఇంజిన్లు కూడా ఆయనలాగే పొద్దుటపూట దగ్గుతాయని.

వినోద్


నిమ్‌పురా
4 జులై 2020

వినోద్,

నీ దగ్గర నుంచి ఇంకా ఏ ఉత్తరమూ రాలేదు. ఇది రాసే ముందు నాన్న పోస్టాఫీసు దాకా వెళ్ళి అడిగొచ్చాడు. ఉత్తరం దారిలో ఉంటుందని నేను అమ్మతో అంటున్నాను. నాకోసం కూడా అంటున్నాను.

సరిహద్దులో జరిగింది టీవీలో చూశాం. అమ్మ ఆ రోజు నుంచి టీవీ ముందు కూర్చోదు. తలుపు అవతల నిలబడి వింటుంది.

ఆ తర్వాత టిక్‌టాక్‌ని మూసేశారు. నీకు తెలిసే ఉంటుంది. జూన్ ఆఖర్న రాత్రి వార్తల్లో చెప్పారు. మర్నాడు తెరిస్తే ఏవో రెండు వాక్యాల నోటీసు, దాని వెనక తెల్లటి తెర. అమ్మ వంటయ్యాక వచ్చి చీర సర్దుకుని కూర్చుంది. "ఈయాల ఎవులొచ్చినారు?" అంది. నేను ఫోను తిప్పి చూపించాను.

"ఏటి, అందరూ ఎల్లిపోనారా?"

"వాళ్ళు వెళ్ళలేదమ్మా. ఇల్లే మూసేశారు."

"మూసీముందు సెప్పరేటి? సెప్పులేసుకోనివ్వరేటి?"

ఝపటాపూర్‌లో బ్లౌజులు కుట్టే తబితక్క కూడా ఇదే బాధ పడింది. ఆమె కుట్టు వీడియోలకి ఎక్కడెక్కడి వాళ్ళో అభిమానులు. పాత గుడ్డలతో మెడ డిజైన్లు కుడితే, ఒకావిడ ఏదో ఊరి నుంచి రోజూ కొత్త ఆకు పేరు చెప్పి, ఈ ఆకులా కుట్టు అనేదట. "అంత మందికి టాటా కూడా సెప్పలేదే ఇందూ. ఆ ఆకులమ్మ పేరేటో కూడా అడగలేదు" అని మిషను మీద తల వాల్చింది. దేశం సంగతి వేరని, మన ఇద్దరు ముగ్గురి సరదా దాని ముందు ఎంతని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది నిజమే. అయినా రోజూ ఏదో ఒకటి కొత్తగా చేసి చూపించే మనుషులు మన పేటలో ఎంతమంది ఉన్నారో మూసేశాకే తెలిసింది. పాల ప్యాకెట్లు వేసే అతను ఈలతో రైలు కూతలన్నీ వేసేవాడట. మనింటికి రోజూ వస్తాడు, నాకు తెలియదు!

ఇంకో యాప్ వేసి అమ్మని పాడమన్నాను. చూసి, "ఇందులో నా పక్కన జాగా ఏదీ?" అంది. నేను వెతికాను. లేదు.

అమ్మ పాడటం లేదు. రోకలి మూలన పెట్టింది. యాప్ పోయిందని దిగులనుకున్నాను. నాన్న మాత్రం నీ గురించి దిగులనుకుంటున్నాడు. "ఆ సప్పుడు లేకపోతే ఇల్లు సమ్మె రోజు షెడ్డులాగున్నాదే" అని రెండుసార్లు అన్నాడు.

ఒక్క ముక్క రాయరా. బాగున్నానని ఒక్క ముక్క.

అక్క


నిమ్‌పురా
14 జులై 2020

వినోద్,

నీ జూన్ ఉత్తరం నిన్న వచ్చింది. నువ్వు బాగున్నావని మొదటి వాక్యం చదవగానే నాన్న లేచి వెళ్ళి కుళాయి కింద తల పెట్టుకున్నాడు. అంతసేపూ నీళ్ళ చప్పుడే. అది మా అందరికీ పండగ.

కానీ నేను ఒక తెలివితక్కువ పని చేశాను. ముందు నేను చదువుకుని తర్వాత వినిపించాల్సింది. ఆత్రంలో బిగ్గరగా చదువుకుంటూ పోయాను. "వెంటనే ఆపించు" అన్న చోటికి వచ్చాక ఆగాను. అమ్మ వింది.

ముందు నీ తప్పు సరిదిద్దుతాను. అమ్మ గెంతలేదు. రోలు దగ్గర కూర్చుని పసుపు దంచింది. తల మీద కొంగు కూడా జారలేదు. నేను సరిగ్గా రాయలేదో, నువ్వు సరిగ్గా చదవలేదో నాకు తెలియదు.

నీ మాట విని అమ్మకి కోపం రాలేదు. తల ఊపింది. "సూసినావా, ఆడికి ముందే తెలుసు" అంది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. నిన్నంతా కూర్చుని అడిగితే కొంచెం కొంచెంగా చెప్పింది. దాన్ని ఆమె మాటల్లోనే రాస్తాను, నా మాటల్లో రాస్తే అది చిన్నదైపోతుంది.

"ఆ యాపు ఆ దేశపోల్లదంట కదా. నాను పాడినదంతా ఎక్కడికి పోనాది? ఆల్ల కాడికే పోనాది. మూసీసినారు, మరింక తిరిగి రాదు. నా గొంతు ఆ కొండకి అవతలే ఉండిపోనాది. ఇవతల నా గుంటడు నిలబడ్డాడు. ఆడిని తలుసుకోని కట్టిన పాట, 'ఏ బండెక్కినాడు, ఏ ఊర దిగినాడు' అని నానే అరిసి అడిగినాను. ఎవులికి సెప్పీసినాను అమ్మీ? నాను పిల్సినాననుకోని ఆడు అటు తిరిగితే?"

నేను ఆమెకి సర్వర్ల గురించి చెప్పాను. డేటా గురించి చెప్పాను. వినోద్, నా బి.ఏ. అంతా వరుసగా పెట్టాను. ఆమె నెమ్మదిగా విని, "నువ్వు సెప్పినదీ అదే కదా, అక్కడున్నాదనే కదా" అంది.

నువ్వు ఇంటికొచ్చే వరకు రోకలి ముట్టనని, నోరెత్తి పాడనని మాతకి మొక్కుకుందట. పాట లేకుండా అమ్మ ఎలా ఉంటుందో నువ్వు చూడలేదు. చపాతీ పిండి కలిపేటప్పుడు కూడా మధ్యలో చేయి ఆగిపోతుంది, ఎవరికోసమో. పక్క క్వార్టర్ బెంగాలీ దీదీ నన్ను పిలిచి, "మీ అమ్మకి మతిమరుపు మొదలైందా? పని మధ్యలో ఆగిపోతోంది" అని అడిగింది.

ఆపించమన్నావు. ఆగింది. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టించే దారి నువ్వే చెప్పాలి.

ఇందు


(అదే కొండ)
1 ఆగస్టు 2020

అక్కా,

నీ జులై ఉత్తరాలు రెండూ ఒకేసారి వచ్చాయి, తర్వాతది పైన, ముందుది కింద. ఏం రాయాలో తెలియక నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

నా గురించే అమ్మ పాట కట్టుకుందని నువ్వు మొదటే రాశావు, కోపంలో అది నా తలకెక్కలేదు. ఎక్కి ఉంటే ఆ మాట రాసేవాణ్ణి కాదు అనడం తేలిక. నిజం ఏమిటంటే అప్పుడు నేను భయపడి ఉన్నాను. భయపడినప్పుడు ఇంటివాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం ఇక్కడ చాలా మందికి ఉంది.

ఒక సంగతి జరిగింది. అది నిజమో కాదో అని నేనే రెండుసార్లు చూసుకుని రాస్తున్నాను.

నా పక్క మంచం అతని పేరు లూకా. జార్ఖండ్‌లో అడవి పల్లె. మాటకారి కాదు. జెనరేటరు వేసినప్పుడు అందరూ ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుంటాం, అతను తన ఫోనులో దాచుకున్న ఒకే ఒక్క వీడియో చూస్తాడు. ఎన్నోసార్లు. యాప్ తీసేయమని మాకు ఆర్డరొచ్చినా ముందే సేవ్ చేసుకున్నది ఫోనులోనే ఉంటుంది కదా. చప్పుడు తగ్గించి చెవి దగ్గర పెట్టుకునేవాడు కాబట్టి అదేమిటో నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.

మొన్న అతని చెవికి చలి దెబ్బ తగిలింది. ఫోను చెవికి ఆనించలేక గట్టిగా పెట్టాడు. నేను బూట్లు తుడుచుకుంటున్నాను. దంచే చప్పుడు వినపడింది. తర్వాత, "ఏ బండి ఎక్కినాడే".

అక్కా, నేను బూటు పారేసి లేచాను. అంత ఎత్తులో అలా లేవకూడదు, కళ్ళు చీకట్లు కమ్మాయి. అతని భుజం పట్టుకుని తెరలోకి చూశాను. తెర రెండు సగాలు. కుడి సగంలో లూకా వాళ్ళ అమ్మ, కాలితో తొక్కే చెక్క ఢెంకితో ధాన్యం దంచుతోంది. ఎడమ సగంలో మన వంటింటి గోడ, నాన్న కొట్టిన మేకు, ఆ మేకుకి జల్లెడ. అమ్మ.

లూకా ఇన్ని నెలలూ కుడివైపే చూశాడట. ఎడమవైపు ఎవరో తెలుగావిడ అని మాత్రం తెలుసు. నేను ఎడమవైపే చూస్తున్నాను. ఇద్దరం ఒకే ఫోను పట్టుకుని చెరో సగం చూశాం. "ఈమె మా అమ్మ" అన్నాను. అతను నా ముఖంలోకి, తెరలోకి, మళ్ళీ నా ముఖంలోకి చూసి, నవ్వుతూ టోపీ తీశాడు. ఆ చలిలో టోపీ తీశాడక్కా.

అమ్మకి చెప్పు. ఆమె గొంతు కొండకి అవతల లేదు, ఇవతలే, నా పక్క మంచం మీద ఉంది.

వినోద్


నిమ్‌పురా
20 ఆగస్టు 2020

వినోద్,

ఈసారి ముందు నేను చదువుకున్నాను. చదివి వెనక గుమ్మంలో కూర్చుండిపోయాను. యార్డులో ఏదో గూడ్సు వెళ్తోంది, చివరి పెట్టె దాటేదాకా లేవలేకపోయాను. ఇంత పెద్ద దేశంలో, అన్ని కోట్ల ఫోన్లలో, ఆ మంచం మీదకే ఎలా వచ్చింది? ఇలాంటివి జరుగుతాయని ఎవరైనా చెబితే నేను నమ్మను. నువ్వు చెప్పావు కాబట్టి నమ్మాను.

అమ్మ నమ్మలేదు.

అంతా విని, నీ ఉత్తరం తీసుకుని వాసన చూసి మడత పెట్టింది. "నన్ను ఊరుకోబెట్టడానికి రాసినాడు. సిన్నప్పట్నించీ అంతే, దెబ్బ తగిల్తే తగల్లేదంటాడు" అంది.

నాన్నకి కోపం వచ్చింది. "కొడుకు మాట నమ్మవు, కూతురు మాట నమ్మవు, మరెవలి మాట నమ్ముతావే నూకాలూ?"

"ఆ ఢెంకి ఆవిడి మాట నమ్ముతాను" అంది అమ్మ. "ఆవిడి నాకు ఎరికే. ఎర్రంచు తెల్లసీర. నాను ఆగిన కాడ ఒక్క రవ్వ లేటుగా తొక్కుతాది. కాలు కదా, సేతంత తొందరగా ఎలగ దిగుద్ది? ఆడు నిజంగా సూస్తే, దంచీటప్పుడు ఆవిడికి ఎనకాల్నించి ఏటొచ్చినాదో రాయమను. రాస్తే అప్పుడు సూద్దాం."

ఏమొచ్చిందని నేను అడిగాను. చెప్పలేదు. నీకు నేను చెప్పేస్తానని అనుమానం.

వినోద్, ఆ వీడియోలకి ఎంతమంది జవాబిచ్చారో నాకు గుర్తు లేదు. నేను పేర్లు చూశాను, లైకులు చూశాను. అమ్మ మనుషుల్ని చూసింది. ఎవరి చెయ్యి ఎప్పుడు పడింది, ఎవరి గాజు ఎక్కడ మోగింది, ఎవరి ఇంట్లో కుక్క అరిచింది, ఒక్కొక్కటీ ఆమెకి గుర్తుంది. నిన్న అడుగుతూ కూర్చున్నాను, చెబుతూనే ఉంది. మూసేసిన ఆ యాప్ ఇప్పుడు అమ్మ దగ్గర మాత్రమే తెరిచి ఉంది.

త్వరగా రాయి. ఆ వెనక నుంచి వచ్చింది ఏమిటో నాకే నిద్ర పట్టడం లేదు.

అక్క


(అదే కొండ, మంచు మొదలైంది)
11 సెప్టెంబర్ 2020

అమ్మా,

ఈ ఉత్తరం నీకే. అక్క చదివి పెడుతుంది.

లూకా, నేను ఇద్దరం కూర్చుని మళ్ళీ చూశాం. మీ అమ్మ పరీక్ష పెట్టిందా అని సెక్షనంతా చుట్టూ చేరింది. హవల్దార్ సాబ్ కూడా వచ్చి, "నేను సాక్షి సంతకం పెడతాను, రాయి" అన్నాడు.

వాళ్ళమ్మ తొక్కుతుంటే, నువ్వు రెండోసారి "ఏ ఊర దిగినాడే" అన్న దగ్గర, వెనక నుంచి నల్ల మేకపిల్ల ఒకటి వచ్చి ఆమె పక్కనున్న చేటలో ధాన్యం తింటుంది. ఆమె తొక్కడం ఆపదు. మోచేత్తో దాన్ని నెడుతుంది. అది మళ్ళీ వస్తుంది. అప్పుడు ఆమె నవ్వుతుంది.

ఇంకొకటి. ఆమె పాడిన జవాబు నీకు అర్థమై ఉండదు, అది వాళ్ళ భాష. లూకా హిందీలో చెప్పాడు, నేను తెలుగులో రాస్తున్నాను.

"మా ఊరికి బండి రాదు చెల్లెలా. నా కొడుకు నడిచే పోయాడు. వాడి అడుగులు వాన కడిగేసింది. నువ్వు మీ వాణ్ణి అడిగేటప్పుడు మా వాణ్ణి కూడా అడుగు."

అతను మిలిటరీకి వచ్చాక పాడిందట. నీ తెలుగు ఆమెకీ రాదు, అక్క కింద హిందీలో పెట్టిన అర్థం వీడియో తీసినవాళ్ళు చదివి చెప్పారట. నీ గొంతు విని, కొడుకు దూరం పోయినావిడ ఎవరో అనుకుందట.

ఇంక నాకు రాయడం రావడం లేదు.

వినోద్


నిమ్‌పురా
3 అక్టోబర్ 2020

తమ్ముడూ,

మధ్యాహ్నం వచ్చింది నీ ఉత్తరం. నాన్న డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి బూట్లు విప్పుతున్నాడు. అమ్మ బియ్యం ఏరుతోంది. ముందు నేను చదువుకోలేదు. ఈసారి అందరం ఒకేసారి వినాలనిపించింది.

"వెనక నుంచి నల్ల" అని ఆగాను. తర్వాతి మాట నీ అక్షరాల్లో అర్థం కాక ఆగాను, నాటకానికి కాదు.

"మేకపిల్ల" అంది అమ్మ.

చేట పక్కన పెట్టింది. లేచింది. నేను మిగతాది చదువుతూనే ఉన్నాను. ఆమె జవాబు చదివేటప్పటికి అమ్మ మూల దగ్గర నిలబడి రోకలి మీద చెయ్యి వేసి ఉంది. "మా వాణ్ణి కూడా అడుగు" అన్న చోట కళ్ళు మూసుకుంది. "అడగమన్నాదా?" అంది. "ఇన్ని నెలల బట్టీ అడగమన్నాదా? నాను సప్పుడే ఇన్నాను గాని మాట ఇన్లేదే ఇందూ." రోకలి వదలకుండానే, "మాతకి మొక్కినాను కదా, ఏటి సేద్దును?" అని నాన్నని అడిగింది. మన ఇంట్లో అమ్మ ఏదైనా నాన్నని అడగడం అదే మొదటిసారి.

నాన్న రెండో బూటు విప్పుతూ, "ఆడు ఇంటికొచ్చీదాకా అన్నావు. ఇందాక ఇంటికొచ్చినోడు ఎవుడు మరి?" అని నీ ఉత్తరం వైపు గెడ్డం చూపించాడు. "మాతకి నాను సర్ది సెప్తాను. మా ఇద్దరికీ ముప్పై ఏళ్ళ పరిచయం."

అమ్మ పసుపు కొమ్ములు రోట్లో వేసింది. ఫోను తియ్యబోతే వద్దంది. రెండో రోకలి, నీలవేణి పిన్నిది, అటక మీద ఉంది. దించమంది. దించి ఇస్తే, "నాకెందుకు? పట్టుకో" అంది.

వినోద్, నాకు ఇరవై మూడేళ్ళు. ఆ చప్పుడులోనే పెరిగాను, ఆ చప్పుడులోనే చదువుకున్నాను, విసుక్కుని చెవులు మూసుకున్నాను. ఎప్పుడూ రోకలి పట్టలేదు. పట్టుకుంటే తెలిసింది. అమ్మ రోకలి పైకి లేచినప్పుడు మధ్యలో ఒక ఖాళీ వస్తుంది. బయటి నుంచి చూసినప్పుడు అది ఆగడంలా ఉంటుంది. లోపల నుంచి అది పిలవడం. ఏదో నన్ను లాగినట్టు నా చెయ్యి దానంతటదే దిగింది. ఆ గుజరాత్ తాపీ పనివాళ్ళకి, ఆ చెప్పు కొట్టిన కుర్రాడికి తెలుగు రాకుండా ఎలా తెలిసిందో నాకు అప్పుడు అర్థమైంది.

"లేటు" అంది అమ్మ. "ఢెంకి ఆవిడి కాలికన్నా నీ సెయ్యి లేటు." పసుపు ఎగిరి నాన్న ఖాకీ చొక్కా మీద పడింది.

అమ్మ పాడింది. "ఏ బండి ఎక్కినాడే" అని నీకు ఒకసారి. అదే బాణీలో లూకాకి ఒకసారి, "ఏ దారి నడిసినాడే" అని మాట మార్చి. ఆ మాట అప్పటికప్పుడు కట్టింది. కిటికీ దగ్గరకి బెంగాలీ దీదీ వచ్చి, "ఏయ్ ఇందు, మా షుస్థో హోయే గేఛే?" అంది. అమ్మకి నయమైందా అని. అయిందన్నాను.

ఇప్పుడు ఈ కాగితం చూడు. నేను ఎడమ సగం మీదే ఎందుకు రాశానో నీకు ఈపాటికి తెలిసి ఉంటుంది. మడత పెట్టి గీత గీసింది అమ్మే. కుడివైపు ఒక్క అక్షరం కూడా పడకూడదని పక్కనే కూర్చుని కాపలా కాసింది. చదవడం రాదు కానీ ఎక్కడ ఆగాలో ఆమెకి తెలుసు కదా.

"ఇక్కడ ఆగు. ఇప్పుడు ఆడి దెబ్బ" అంటోంది.

ఏ బండి ఎక్కినాడే నా సిన్ని తండ్రి,
ఏ ఊర దిగినాడే నా సిన్ని తండ్రి.


(అదే కాగితం, కుడి సగం)
24 అక్టోబర్ 2020

పేరు సెప్పరాని బండే నా కన్న తల్లి,
ఊరు సెప్పరాని కొండే నా కన్న తల్లి.

అక్కా, పాట కట్టడం నాకు ఇదే మొదలు. సెక్షన్లో అందరూ తలో మాట చెప్పారు, ఏదీ దెబ్బకి సరిపోలేదు. చివరికి ఇనప మగ్గుతో పెట్టె మీద కొట్టుకుంటూ కూర్చుంటే వచ్చింది. లేటుగా పడిందో లేదో అమ్మని అడుగు.

కింద ఆ హిందీ అక్షరాలు లూకావి. "అమ్మా, నడిచే వచ్చాను, బాగున్నాను" అని రాశాడు. ఈ ముక్క వాళ్ళ అమ్మకి అందే దారి లేదు, వాళ్ళ పల్లెకి పోస్టు కూడా సరిగ్గా వెళ్ళదు. అందుకని మన అమ్మకి చెబుతున్నాడు.

కాగితం వెనక్కి తిప్పండి. ఎడమ సగం నేను నింపాను. కుడివైపు వదిలాను.

వినోద్